అందులో తిట్టు ఏది?

జెర్సీలను తిరగేసి ఉతకాలి. నంబరున్న వైపు లోపలికి పోకపోతే బ్రష్షు తగిలి అంకెల అంచులు లేచిపోతాయి. ఇంట్లో వాషింగ్ మెషీన్ లేక కాదు, నిక్షేపంలా ఉంది. "మెషీన్లో వేస్తే నంబర్లు ఊడతాయి, చేత్తో ఉతుకు" అని ఏనాడో ఆయన అన్నాడు, అంతే, ఆ మాట చట్టమైపోయింది. ఆదివారం పొద్దున్న వీధంతా ఇంకో కునుకు తీస్తుంటే ఆమె పెరటి గట్టు మీద కూర్చుని హైస్కూలు ఆడపిల్లల వాలీబాల్ జట్టు చెమటంతా వదిలిస్తూ ఉంటుంది. ఆ జట్టుకి ఆయన కోచ్. స్కూలు ఆయనకి జీతమిస్తుంది, పేరిస్తుంది, కప్పు గెలిచినప్పుడు ఫొటోలో ముందు కుర్చీ ఇస్తుంది. ఈమెకి ఏమిస్తుందయ్యా అంటే సబ్బు కూడా ఇవ్వదు, అదీ ఇంటి సబ్బే. ఒకసారి ఆ మాటే నవ్వుతూ అంది. "నాలుగు చొక్కాలు ఉతకడం కూడా ఒక పనేనా? సబ్బు నీళ్ళలో ముంచితే మురికి దానంతటదే పోతుంది" అన్నాడాయన. దానంతటదే పోయేటట్టయితే ఆ ముంచేదేదో మీరే ముంచొచ్చుగా అని నాలుక చివరి దాకా వచ్చింది. నాలుక చివరి దాకా వచ్చినవన్నీ అనేస్తే కాపురాలు నిలుస్తాయా ఎక్కడైనా! మింగేసింది.

ఆ పిల్లల్లో ఒక్కరి మొహమూ ఆమె చూసి ఎరగదు. ఆట చూడటానికి వస్తానంటే, "నువ్వొచ్చి ఏం చేస్తావు, బంతి ఎటు పోతుందో కూడా తెలీదు నీకు" అన్నాడు. కానీ అందరూ ఆమెకి తెలుసు. నాలుగో నంబరు పిల్లకి నేల మీద దొర్లడమంటే సరదా, మోచేతుల దగ్గర గుడ్డ ఎప్పుడూ అరిగిపోయి ఉంటుంది. పదకొండో నంబరు పెన్ను మూత పెట్టదు, జెర్సీ నిండా సిరా మరకలే. తొమ్మిదో నంబరు కాలరు కొరుకుతుంది. మొదట్లో ఎలకేమో అనుకుంది. తర్వాత తడి ఆరని పంటి గుర్తులు చూసి, ఇది మనిషే, భయపడుతున్న మనిషి, అనుకుంది. "ఏమ్మా నాలుగూ, మళ్ళీ పడ్డావా? ఏం తొమ్మిదీ, ఈ వారం మరీ నమిలేశావే" అంటూ బ్రష్షు కొడుతుంటే, లోపలి నుంచి అత్తగారు, "ఎవరితోనే ఆ మాటలు?" అని అడుగుతుంది.

"ఎవరూ లేరత్తయ్యా."

అది నిజమే మరి. ఎవరూ లేరు. కళ్ళాసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని టోకెన్ నంబర్లు పిలిచే ఉద్యోగం ఆమెది. రోజంతా నంబర్లను పిలుస్తుంది, నంబర్లు లేచి డాక్టరు గదిలోకి పోతాయి. "కాస్త నవ్వుతూ పిలవచ్చుగా" అని డాక్టరు విసుక్కుంటాడు. ఇంటికొస్తే ఎవరైనా ఆమెతో మాట్లాడేది ఏదో ఒకటి కావాలన్నప్పుడే.

అయితే రోజులో ఆమెకంటూ ఒక ముక్క ఉంది. ఆమె ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఆయన ప్రాక్టీసుకి వెళ్ళిపోతాడు. అత్తగారు పక్కింటి టీవీ ముందు చేరుతుంది. అక్కడి నుంచి చీకటి పడేదాకా ఇల్లు ఆమెది. ఏం చేస్తుందీ అంటే, చెప్పుకోదగ్గది ఏమీ చెయ్యదు. టీ పెట్టుకుని కిటికీ పక్క కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. కప్పు కింద పెట్టిన చప్పుడుకి కూడా ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఒంటరిగా ఉంటే దిగులు వెయ్యదా అంటే వేస్తుంది. కానీ మనుషుల మధ్య వేసే దిగులు కన్నా ఈ దిగులు ఎంతో నయం. వీధి చివర ఆయన స్కూటరు చప్పుడు వినబడగానే కుర్చీలోంచి లేస్తుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెను మనిషిగా నిలబెట్టినవి ఆ సాయంత్రాలే. ఆ సంగతి ఆయనకి తెలియదు. తెలిస్తే ఏదో ఒక పని పురమాయించి ఉండేవాడు.

ఆ బుధవారం ఆయన ఎండ వాలకముందే ఇంటికొచ్చేశాడు. మొహం కందగడ్డలా ఉంది. మెడలో విజిల్ తీసి సోఫాలోకి విసిరేశాడు.

"ఆ తొమ్మిదో నంబరు పిల్ల తల్లి కంప్లైంట్ పెట్టిందట. మిగతా పిల్లలు కూడా అవునవునని వంత పాడారట. శుక్రవారం విచారణట! అప్పటిదాకా గ్రౌండు వైపు రావద్దని హెడ్‌మిస్ట్రెస్ హుకుం. ఇన్ని కప్పులు తెచ్చిన నాకు!"

"అంత మాట ఏమన్నావురా?" అంది అత్తగారు, స్కూటరు చప్పుడుకి పక్కింటి నుంచి వచ్చి కొడుకు పక్కన చేరి.

"ఏమంటాను? ఆటలో అందరూ అనేవే అన్నాను. మట్టిబుర్రా అన్నాను. తిండికి తప్ప దేనికీ పనికిరావు అన్నాను. నిన్ను కన్నందుకు మీ అమ్మననాలి అన్నాను. నువ్వు లేకపోతేనే జట్టు బాగుపడుతుంది అన్నాను. అంతే!"

ఆమె టీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది. అసలు మాట ఇంకా రాలేదు కాబోలు, వస్తుంది అని చూస్తూ ఉంది. ఒక తల్లి పనులు మానుకుని స్కూలు దాకా వెళ్ళిందంటే, విచారణ పెట్టారంటే, ఏ చెవులు మూసుకోవలసిన మాటో అయి ఉండాలి కదా. రాలేదు. ఆయన కప్పు అందుకుని, "చక్కెర ఎక్కువేశావు" అన్నాడు. విషయం అంతటితో అయిపోయింది.

వంటింట్లోకి వెళ్ళి కూరలు తరుగుతూ ఆ నాలుగు మాటల్నీ వేరువేరుగా తిప్పి చూసుకుంది. అందులో తిట్టు ఏది? మట్టిబుర్ర అనేది ఆమెకి దాదాపు పేరే, కరెంటు బిల్లు మర్చిపోయినా మట్టిబుర్రే, మర్చిపోకుండా కట్టి రసీదు ఎక్కడో పెట్టినా మట్టిబుర్రే. తిండికి తప్ప పనికిరావన్నది జ్వరంతో మంచం పట్టిన వారం, అప్పుడు నిజానికి తిండి కూడా తినలేదు, అది తల్చుకుని అప్పట్లో కాస్త నవ్వు కూడా వచ్చింది. అమ్మ ఫోను చేసిన ప్రతిసారీ పెంపకం సంగతి ఎలాగూ వస్తుంది. ఇక నాలుగోది, నువ్వు లేకపోతేనే ఈ ఇల్లు బాగుపడుతుందన్నది, అది అన్న రోజు ఆమె పెరట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడింది, తర్వాత లోపలికొచ్చి అన్నం వడ్డించింది. వీటిని స్కూల్లో తిట్లంటున్నారు. ఇంట్లో వీటికి పేరే లేదే! ఇంట్లో వీటిని మాట్లాడటం అంటారు. కత్తి వేలికి తగిలింది. రక్తం కడుక్కుంటూ ఎందుకో ఆమెకి ఎవరి మీదో చెప్పలేనంత కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఆ తొమ్మిదో నంబరు తల్లి మీద. తన కోసం ఎవరూ వెళ్ళలేదు కదా అలా.

ఇంతలో ఆడపడుచు ఫోను. స్పీకర్లో పెట్టారు. "వదినా, నువ్వెళ్ళి ఆ పిల్ల తల్లితో మాట్లాడు. ఆడదానికి ఆడది చెబితే వింటుంది. విచారణలో ఇంటివాళ్ళని కూడా ఒకర్ని పిలిచి అడుగుతారటగా? అన్నయ్య ఇంట్లో ఎంత నెమ్మదో చెప్పు. నీకు మాట్లాడటం రాదనుకో, ఆ మాత్రం అనగలవులే."

"వెళ్తాను" అంది ఆమె.

అంత వెంటనే ఒప్పుకునేసరికి ఆయనే ఆశ్చర్యపోయాడు. భర్త మీద ప్రేమ అనుకుంది అత్తగారు. అబ్బే! గ్రౌండు పోతే ఆయన ఎక్కడుంటాడు? ఇంట్లో. రోజూ. ఆ కిటికీ పక్కనే. ఆయన ఉద్యోగం కాపాడాలని కాదు, ఆ కుర్చీ కాపాడుకోవాలని బయల్దేరింది.

తొమ్మిదో నంబరు వాళ్ళది చెప్పుల దుకాణం పైన రెండు గదుల ఇల్లు. తలుపు తీసింది పిల్లే. పొడుగ్గా, కళ్ళు కిందికేసుకుని ఉంది. స్కూలు చొక్కా కాలరు ఒక మూల తడిగా ఉంది. ఇన్నాళ్ళూ చేతుల్లో పిండిన బట్టకి మొహం వచ్చినట్టయింది ఆమెకి. కోచ్ సార్ భార్యనని చెప్పింది. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

"అమ్మ బేకరీలో డ్యూటీకి వెళ్ళింది ఆంటీ."

"పర్లేదమ్మా. నువ్వేనా కాలరు కొరికేది?"

"మీకెలా తెలుసు?"

"జెర్సీలు ఉతికేది నేనేగా."

"మీరా? లాండ్రీకి ఇస్తున్నానని చెప్పారే సార్!"

లాండ్రీ! ఆమె నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ మాట మీద కూర్చుని ఏడిచే తీరిక లేదు, వచ్చిన పని చూసుకోవాలి. సార్ మనసు మంచిదని, గెలవాలనే తపనలో నోరు జారుతుందని, అమ్మతో చెప్పి కంప్లైంట్ వెనక్కి తీసుకోమని, దారంతా అప్పజెప్పుకున్న పాఠం చెప్పింది. పిల్ల వింది. చివర్న నెమ్మదిగా అడిగింది.

"ఇంట్లో మిమ్మల్ని కూడా అలాగే అంటారా ఆంటీ?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు ఆ మాట. అమ్మ అడగలేదు, అక్క అడగలేదు. "లేదమ్మా. ఎప్పుడూ అనరు" అంది చటుక్కున.

పిల్ల మొహం చిన్నబోయింది. "అయితే మేమే అలాంటివాళ్ళమన్నమాట" అంది. వాదనగా అనలేదు. లెక్క తేలినట్టు అంది. కాలరు నోట్లోకి వెళ్ళింది.

ఆమె మెట్లు దిగింది. పిల్ల అనుమానం తీరిపోయింది. తీర్చింది తను. ఇంటికెళ్ళి చెబితే, "అబ్బో, పరవాలేదే నువ్వు" అన్నాడాయన. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆ నోట మెప్పు వినలేదు. ఎంత అసహ్యం వేసిందో తన మీద తనకి.

శుక్రవారం హెడ్‌మిస్ట్రెస్ గదిలో బల్లకి ఒక పక్క ఆవిడ, తల్లిదండ్రుల తరఫున ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు, రాసుకునే గుమాస్తా. ఇంకో పక్క పిల్లా తల్లీ. తల్లి బేకరీ ఏప్రన్‌తోనే వచ్చింది, గడియారం చూసుకుంటోంది. ఆయన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పోస్ట్‌మాస్టరు అప్పటికే, "అరవని కోచ్ ఎవరండీ? మా రోజుల్లో చెవులు మెలిపెట్టేవారు" అని నవ్వేశాడు. పిల్ల చేత ఆ నాలుగు మాటలూ చెప్పించారు. ఆఖరిది చెప్పేటప్పుడు పిల్ల గొంతు వినబడలేదు, గట్టిగా చెప్పమన్నారు. చెప్పింది.

"ఇంట్లో సార్ మాటతీరు ఎలా ఉంటుందండీ?" అని హెడ్‌మిస్ట్రెస్ ఆమె వైపు తిరిగింది. జవాబు తెలిసినట్టే గుమాస్తా పెన్ను కదిపాడు.

ఆమెకి ముందు కిటికీ పక్క కుర్చీ గుర్తొచ్చింది. అది పోతుంది, ఇప్పుడు నోరు విప్పితే అది పోతుంది. తర్వాత ఎదురుగా పిల్ల కనిపించింది. తన వైపు చూడటం లేదు. చూడాల్సిన పని లేదు, దానికి జవాబు దొరికేసింది.

"నాతోనూ ఇలాగే మాట్లాడతారండీ. ఇవే మాటలు" అంది.

గదిలో ఎవరో కుర్చీ జరిపారు.

"మట్టిబుర్ర అంటారు. తిండికి తప్ప పనికిరావంటారు. మా అమ్మనీ అంటారు. నేను లేకపోతే ఇల్లు బాగుపడుతుందని కూడా అన్నారు." ఇక పిల్ల వైపు తిరిగింది. "మొన్న నీకు అబద్ధం చెప్పానమ్మా. అవి నిన్ను చూసి పుట్టిన మాటలు కావు. నువ్వు బంతి పట్టుకోకముందు నుంచీ మా ఇంట్లో ఉన్నాయి."

"దీనికి ఒంట్లో బాగా లేదు మేడం" అన్నాడాయన, నవ్వు అతికించుకుని.

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చెడ్డ మనిషేం కాదు. "అమ్మా, అది మీ ఇంటి విషయం. మా అధికారం గ్రౌండు వరకే" అంది. గుమాస్తాతో, "ఇంటి సంగతి రాయకండి" అంది. తర్వాత తీర్పు చెప్పింది. ఈ సీజనంతా ఆయన గ్రౌండులోకి రాకూడదు. జట్టు ముందు క్షమాపణ చెప్పాలి. మళ్ళీ అలాంటి మాట వినబడితే ఉద్యోగం ఉండదు. పోస్ట్‌మాస్టరు గొణిగాడు గానీ కాదనలేదు. వెళ్ళేటప్పుడు ఆవిడ ఆమె భుజం తట్టి, "పోనీలెండి, సాయంత్రాలు సార్ మీకు తోడుగా ఉంటారు" అంది ఆదరంగా. తల్లి డ్యూటీ ఆలస్యమవుతోందని పరుగెత్తింది. పిల్ల మాత్రం వరండా చివర ఆగి వెనక్కి తిరిగి చూసింది. అలా చూసి, తల ఊపి వెళ్ళిపోయింది.

ఇంట్లో రెండు రోజులు ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. "మొగుడి తల నలుగురిలో దించేసింది" అని అత్తగారు గోడలతో చెప్పుకుంది. ఆడపడుచు ఫోనులో ఆమె అడుగుల చప్పుడు వినబడగానే గొంతు తగ్గించేది. పలకరించకపోవడం ఆమెకి కొత్త కాదు కానీ, ఇప్పుడది పనిగట్టుకుని ఆమె కోసమే చేస్తున్నారు.

సోమవారం ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఆయన కిటికీ పక్క కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"టీ ఏదే, మట్టిబుర్రా?" అన్నాడు. తనే పెద్దగా నవ్వాడు. "పో, ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో. ఇక్కడ హెడ్‌మిస్ట్రెస్ లేదు."

నిజమే, లేదు. ఈ ఇంటికి విచారణ లేదు, తీర్పు లేదు, రాసుకునే గుమాస్తా లేడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది. ఒక్క కప్పే. నిలబడే తాగింది, వేడిగా, ఆఖరి చుక్క దాకా. కప్పు కడిగి బోర్లించింది. విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకుంది.

"ఎక్కడికి?"

ఎక్కడికో ఆమెకీ తెలియదు. ఈ ఊళ్ళో తలుపు తట్టదగ్గ ఇల్లు ఒక్కటీ గుర్తు రాలేదు. అయినా గడియ తీసింది.

"ఈ వేళప్పుడు ఈ ఇంట్లోంచి ఎవరో ఒకరు బయటికెళ్ళాలండీ. ఇన్నాళ్ళూ మీరెళ్ళారు."