కౌసల్య ఆవులించిన వారం

తార్నాక చౌరస్తాలో గట్టయ్య పుస్తకాల బడ్డీకి దారం కట్టి వేలాడదీసిన వారపత్రికను ప్రవళిక మెల్లిగా లాగింది. సీరియల్ పేజీ తీసింది. తను చేర్చిన నాలుగు వరసలు అక్షరం పొల్లుపోకుండా అచ్చయి ఉన్నాయి. మొహమంతా నవ్వయింది.

"ఏంది బిడ్డా, గీడనే సదివి గీడనే పెడ్తవా? పత్రిక కొనవా?" అన్నాడు గట్టయ్య.

"ఒక్క పేజీ, కాకా."

ఒక్క పేజీ కాస్తా మూడయింది. మూడో పేజీ అడుగుకు వచ్చేసరికి ఆ నవ్వు చప్పున ఆరిపోయింది. పత్రికను మళ్లీ దారానికి తగిలించి, తల వంచుకుని జయమ్మగారి ఇంటి సందులోకి నడిచింది.

ఆ సీరియల్ రాసేది జయమ్మే. కర్నూలు మనిషి. ఇప్పటికి పన్నెండు నవలలు రాసింది. భర్త ఓబులేసుకు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఉద్యోగం. రాసీ రాసీ జయమ్మ మణికట్టు నొప్పి పట్టడంతో, పెన్సిలుతో గీకిన చిత్తుప్రతిని సాపు చేసేందుకు ఒక మనిషి కావలసి వచ్చింది. హాస్టల్ మెస్సులో వంట చేసే శివమ్మ తన మేనకోడల్ని పంపింది. ప్రవళికది సిరిసిల్ల దగ్గర పల్లె. ఇంటర్ చదువుతూ మాణికేశ్వర్ నగర్‌లో మేనత్త దగ్గర ఉంటోంది. రోజూ సాయంత్రం క్యాంపస్ దాటుకుని తార్నాకకు వస్తుంది. మూడు నెలల్లో ఆ ఇంట్లో ఆమె నోటినుంచి వచ్చిన మాటలు రెండే: "సరే మేడం", "వస్తా మేడం". కానీ కథ అచ్చుకు పోకముందే తన చేతిమీదుగా నడిచిపోయే ఆ రెండు గంటల కోసం పొద్దుటినుంచీ ఎదురుచూసేది. ఆ పని పోతే ఏమవుతుందో ఆమె ఊహించుకోలేకపోయేది.

తప్పు పోయినవారం జరిగింది. కథానాయిక కౌసల్య గంపలోంచి ఎండిన తునికాకు తీసి చకచకా బీడీలు చుట్టిందని రాసింది జయమ్మ. ప్రవళిక కలం ఆగిపోయింది. ఎండిన ఆకును ఎవరు చుట్టగలరు? కానీ పన్నెండు నవలలు రాసిన మనిషికి ఆ మాట ఎలా చెప్పడం? చెప్పలేదు. రాత్రి ఆకును నానబెట్టడం, తడి గోనెలో చుట్టడం, పొద్దున కొలతకు రేకుముక్క పెట్టి కత్తిరించడం, అన్నీ నాలుగు వరసల్లో తనే చేర్చింది. వారంవారం పంపే పది కాగితాలు దాటకుండా చివరి రెండింట్లో అక్షరాలు చిన్నవి చేసింది. జయమ్మ పది లెక్కపెట్టుకుని కవరు అంటించింది.

పత్రికలో సీరియల్‌కు ఇచ్చే చోటు మూడు పేజీలే. పట్టకపోయేసరికి ప్రెస్సువాళ్లు కింద నాలుగు వరసలు కోసేశారు. పదేళ్లకిందట బొంబాయి పోయిన అన్న గుమ్మంలో నిలబడటం, కౌసల్య ఒళ్లోని చాట జారిపడటం, అంతా ఆ నాలుగు వరసల్లోనే ఉంది. ఇప్పుడు ఆ వారం కథ "కౌసల్య ఆవులించింది" అన్న మాటతో ముగిసింది. దానికింద సశేషం.

ప్రవళిక వెళ్లేసరికి జయమ్మ ఒక చేత్తో పత్రిక, ఒక చేత్తో ఫోను పట్టుకుని ఉంది.

"ఆవులించిందంట! చదివేటోళ్లు గూడా వారమంతా ఆవులిస్తా కూర్చోవల్లనా?"

"నువ్వు రాసిందే గదా మే," అన్నాడు ఓబులేసు.

"రాసినా. ఆడ ఆపమని ఎవురు చెప్పినారు? పైన వాళ్లిష్టానికి నాలుగు వరసలు దూర్చి, కింద నావి నాలుగు కోసినారు. ఆ సబెడిటర్‌ని ఈ పొద్దు ఇడిసేది లేదు."

పత్రిక పక్కన పెట్టి ఫోను డయలు తిప్పసాగింది జయమ్మ. ఒక అంకె తిరిగింది. రెండో అంకె తిరిగింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, రేపు కూడా ఈ కుర్చీలో కూర్చోవచ్చు అనుకుంది ప్రవళిక. తిట్లు తినబోయే ఆ ముక్కూమొహం తెలియని సబెడిటరు గుర్తొచ్చాడు. నాలుగో అంకె తిరుగుతుండగా గొంతు పెగిలింది.

"మేడం, ఫోన్ జెయ్యకుండ్రి. గవి నేనే రాసిన."

జయమ్మ రిసీవరు పెట్టేసింది.

"ఎందుకు?"

"ఎండినాకు సుట్టరాదు మేడం. పిగులుతది."

"నీకెట్ల తెలుసు?"

"మా అమ్మ సుడ్తది. నేను గూడ సుడ్త."

"మరి నాకు నోటితో చెప్పకూడదా?"

"మీరు రైటర్ గదా మేడం."

ఓబులేసు పకపకా నవ్వాడు. "చూసినావా మే! ఇరవై ఏండ్లుగా నేను గూడా ఆ ముక్కకే నోరు మూసుకోనుండా."

జయమ్మ ప్రవళిక చేర్చిన నాలుగు వరసలు మళ్లీ చదివింది. "నేను పేపర్లో ఫోటో చూసి రాసినా," అంది నెమ్మదిగా. "ఇవి బాగుండాయి. కానీ పాపా, ఇది మూడు పేజీల ఇల్లు. నలుగురు చుట్టాలొస్తే ఇంట్లో నలుగురు బయట పండుకోవల్ల. ఎవుర్ని పంపాలో నువ్వే చూసుకోవల్ల. లేకుంటే ప్రెస్సోడు చూస్తాడు. వానికి తోక తప్ప ఇంకేమీ కనపడదు. మా బతుకంతా ఆ తోకలోనే ఉండాది."

ప్రవళిక తలూపింది. వెళ్లిపొమ్మనే మాట కోసం ఎదురుచూసింది.

"అన్న గుమ్మంలో ఉన్నట్టు ఇప్పుడు ఎవురికీ తెలీదు. ఈ వారం ఎట్ల మొదలుపెట్టేది?" అంది జయమ్మ, తనలో తను.

"ఆవులింతతోనే మొదలు వెడ్తే?" ప్రవళిక గొంతు తనకే వినపడలేదు. "తెరిసిన నోరు తెరిసినట్టే ఉండిపోయింది... గుమ్మంల అన్నను జూసి."

జయమ్మ ఒక తెల్లకాగితం ఆమె ముందుకు జరిపింది. "రాయి."

రాస్తే ఈ వారం చిత్తుప్రతికి నాలుగు వరసలు పెరిగాయి. జయమ్మ పెన్సిలు ఆమె చేతిలో పెట్టింది. "నాలుగు వరసలు కొట్టెయ్. నేను రాసినవాట్లోనే. నువ్వే కొట్టెయ్."

ప్రవళిక కాగితాలన్నీ బల్లమీద పరుచుకుంది. పెన్సిలు కాగితాలమీద పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తిరిగింది. చివరికి ఒకచోట ఆగింది.

"వెన్నెలా!" జయమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "నీకు కొట్టేదానికి వెన్నెలే దొరికిందా? పొద్దన్నుంచీ కూర్చోని రాసినా!"

ప్రవళిక తల వంచుకుంది. పెన్సిలు మాత్రం తీయలేదు.

"కథల నిన్ననే దీపావళి అయింది మేడం. గిప్పుడు ఎన్నెల ఏడికెళ్లొస్తది?"

టీ తెస్తున్న ఓబులేసు నవ్వుకు చేతిలో గ్లాసులు గలగలమన్నాయి. జయమ్మ పెన్సిలు లాక్కుని ఆ వెన్నెలను తనే నాలుగు గీతలతో కొట్టేసింది. కళ్లజోడు సర్దుకుని, మిగతా కాగితాలవైపు అనుమానంగా చూసింది.

"ఇట్లాంటివి ఇంగేమన్నా ఉండాయా?"

ప్రవళిక కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుంది.

"ఓ ఆరున్నయి మేడం."