తెల్లటి నీడల పటం

"…అది గాదు అమ్మణ్ణీ, అప్పట్లో కంప్యూటరంటే నీ చేతిలో పట్టేది గాదు. ఒక గదంతా దానిదే. నిదానంగా చెప్తా, రాసుకో. మన చెంగల్రాయుడు తిరుపతికి పొయ్యి దాని ముందర నిలబడిన కాణ్ణించి రాయి."

చెంగల్రాయుడు చెప్పులు గుమ్మం బయటే విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎనభై ఆరో సంవత్సరం, నడివేసవి. చిత్తూరు పక్కన అతని బేనీషా మామిడితోట నిలువునా ఎండిపోతోంది. అతని నాయన నాటిన చెట్లు. ఇంకొక్క బోరు వేయించే శక్తి మాత్రమే మిగిలింది అతనికి. అది తప్పితే చెట్లన్నీ కట్టెల అడితికి పోవాల్సిందే.

తిరుపతిలో ఆ కంప్యూటరుండే సర్కారు ఆఫీసులో పనిచేసే దామోదరం పక్క ఊరివాడు. విమానంలోంచి తీసిన నేల ఫోటోలను కంప్యూటరులోకి ఎక్కించి నీటి జాడ చూస్తామని, ఒకసారి రమ్మని అతనే కబురు పెట్టాడు.

దామోదరం కంప్యూటరు అద్దం మీద ఒక బొమ్మ చూపించాడు. "ఇది రేణిగుంట పక్క నేల, సూడన్నా. నల్లగా ఉండేదంతా తేమ. తెల్లగా ఉండేది రాయి, ఎండు నేల. అంతే."

"రంగులుండవా అబ్బా?"

"నేలను సూసేదానికి రంగులెందుకన్నా? సినిమానా ఏమన్నా?"

చెంగల్రాయుడి ఊరి పటం పక్క గదిలో అచ్చవుతోందని, పోయేటప్పుడు తీసుకోమని చెప్పి దామోదరం తన పనిలో పడ్డాడు. చెంగల్రాయుడు ఆ కాగితాన్ని కండువాలో చుట్టుకుని చిత్తూరు బస్సెక్కాడు.

ఇంటికొచ్చి పటం పరిస్తే, భార్య వరదమ్మ చూసి రెండడుగులు వెనక్కి జరిగింది. ఊరు తమ ఊరే. దారులు, ఇళ్ళు, తోట అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ పగలు తీసిన బొమ్మలో ఊరంతా చీకటి నిండి ఉంది. బండగుట్ట బొగ్గులా ఉంది. మామిడిచెట్లు బూడిద పూసుకున్నట్టు ఉన్నాయి.

"ఏమయ్యా, నీడలు తెల్లగా ఉండాయే! యాడన్నా నీడ తెల్లగా ఉంటాదా?"

"మిషను సూపు అట్లనే ఉంటాదిలే. నీకేం తెల్సు?" అన్నాడే గాని, అతనూ పటాన్ని కొంచెం దూరంగా జరిపాడు.

చెంగల్రాయుడి తల్లి జ్ఞానాంబ కళ్ళకు పొరలు కమ్మి ఏళ్ళయింది. వెలుతురు తప్ప ఇంకేమీ ఆనదు. ఆమె పటం మీదికి వంగి, తోట నడుమన ఉన్న గుండ్రటి తెల్లచుక్క మీద వేలు పెట్టింది.

"ఈడ దీపం పెట్టిందెవురురా?"

చెంగల్రాయుడు తల్లి వేలు పక్కకు తీశాడు. ఆ చోట చెట్టు లేదు. ఒకప్పుడు అక్కడ బావి ఉండేది. అతని చెల్లెలు నీళ్ళు తోడబోయి కాలుజారి అందులోనే పోయింది. నాయన బావిని పూడ్పించి, ఆ పిల్ల పేరు తోట గట్టు లోపల ఎవరూ పలకకూడదని కట్టడి చేశాడు. ఆయన పోయినా కట్టడి పోలేదు. ఇప్పటికీ దున్నేటప్పుడు మడక ఆ చోటిని చుట్టి పోతుంది.

అతను పటం మడిచేశాడు. గుట్ట కింద అన్నిటికంటే నల్లగా ఉన్న చోట బోరు వేయించాడు.

బోరుబండి మేస్త్రీ కుప్పుస్వామి అరవదేశం మనిషి. పొద్దెక్కేకొద్దీ గొట్టంలోంచి తెల్లటి రాతిపొడి తప్ప ఇంకేమీ రాలేదు.

"పిండి బాగా ఆడతా ఉండాదప్పా! చెట్నీ నూరుకో, దోసెలు పోస్తాం," అన్నాడు మేస్త్రీ.

ఎవరూ నవ్వలేదు. మజ్జిగ తెచ్చిన వరదమ్మ గట్టు మీదే ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో అక్కడున్న మనుషులంతా తెల్లగా ఉన్నారు. ముఖాల్లో కళ్ళు మాత్రం నల్లటి గుంటల్లా ఉన్నాయి. వాళ్ళలో తన మొగుడెవరో ఆమెకు తెలియలేదు.

"ఏమయ్యా… ఆ కాగితంలోకి పొయినట్టుండారే మీరంతా!"

మరుసటి రోజు చెంగల్రాయుడు పటం తీసుకుపోయి దామోదరం ముందు విసిరికొట్టాడు. దామోదరం దాన్ని చూడగానే తల పట్టుకున్నాడు.

"అయ్యో, తిరగేసి అచ్చేసినారన్నా! తేమ నేలల పటాల్లో నలుపెక్కువ, అచ్చుమిషను రిబ్బన్‌లో మసంతా తాగేస్తాదని, పక్క గదిలో ఏ పటమొచ్చినా నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా మార్చే అచ్చేస్తారు. మాకు అలవాటే గాబట్టి ఎవురూ చెప్పలేదు. ఇదో, అసలుది సూడు."

మీట నొక్కాడు. అద్దం మీద ఊరు ఒక్కసారిగా తిరగబడింది. గుట్ట తెల్లబడింది, నీడలు నల్లబడ్డాయి. తోట నడిమి చుక్క నల్లటి కనుగుడ్డులా మారి చెంగల్రాయుడినే చూసింది.

"ఈడేముండాదన్నా? సుట్టూరా ఎండిపొయినా ఇంత తేముండాది!"

చెంగల్రాయుడు లేచి చిత్తూరు బస్సెక్కాడు.

ఇంక బోరు వేయించే దారి లేదు. గడ్డపారలే గతి. తెల్లారి కూలోళ్ళను పిలిచాడు. ముసలి మునెయ్య ఆ చోటికి వచ్చి గడ్డపార కింద పెట్టేశాడు.

"నేను దిగనబ్బా. పండుకున్న మనిషిని పిలవకుండా మీద కాలు పెడతామా? ముందు పేరు పెట్టి పిలువు."

చెంగల్రాయుడు నోరు తెరిచాడు.  నాయన నాటిన చెట్లకేసి చూశాడు. మళ్ళీ ప్రయత్నించాడు. పేరు పలకలేక గట్టు మీదికి పోయి నిలబడ్డాడు.

కర్ర పొడుచుకుంటూ జ్ఞానాంబ వచ్చి ఆ మన్ను మీద కూర్చుంది.

"అయ్యాకొడుకులు ఇద్దురూ ఇద్దురే. దాన్ని పూడ్చిందీ మీరే, దాని పేరును పూడ్చిందీ మీరే. కన్నదాన్ని నన్నడిగినారా?" అంది. అరచేయి నేల మీద ఆనించి, బిడ్డను పొద్దున సద్దన్నానికి పిలిచినట్టు పిలిచింది. "శకుంతలా! లెయ్యమ్మా. చెట్లు ఎండిపోతా ఉండాయి."

కొమ్మల్లో కాకి కూడా అరవలేదు. మునెయ్య నేలకు మొక్కి గడ్డపార తీసుకున్నాడు.

తవ్వేకొద్దీ గడ్డపార పోటు చప్పుడు మెత్తబడుతూ వచ్చింది. నాలుగో రోజు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చల్లటి వాసన పైకి లేచింది. లోపలున్నవాళ్ళు గబగబా పైకి ఎక్కేశారు. అడుగున నీళ్ళు ఊరి, అలికిడి లేకుండా పైకి రాసాగాయి. అంత ఎండలోనూ ఆ నీళ్ళు కాటుకలా ఉన్నాయి. ఆకాశం కూడా అందులో కనబడలేదు. వంగి చూసేందుకు ఎవరికీ ధైర్యం చాలలేదు.

జ్ఞానాంబ ఒక్కతే ఒడ్డుదాకా వచ్చి వంగింది. ఆమె ముఖం విప్పారింది.

"ఎంత తెల్లగుండావే తల్లీ," అంది.

"అంతే అమ్మణ్ణీ. చెట్లు బతికినాయి. చెంగల్రాయుడి కొడుకు చిన్నబ్బ బెంగుళూరులో ఉండాడు గదా, తోట అమ్మేస్తాడంట. ఫోన్ చేసి ఇదంతా వాడికి చదివి వినిపించు. అమ్మితే అమ్ముకోనీ. కొనేవాళ్ళకి బావిలో పోయిన ఆ యమ్మ పేరు మాత్రం చెప్పి అమ్మమను."