తిండి పద్దు, బండి పద్దు

శనివారం సంత నుంచి రెండు సంచుల నిండా క్యాబేజీలు, మిరపకాయలు మోసుకుంటూ యాగోద ఇంటికి నడిచి వచ్చేది. మందుల షాపు మలుపు దాకా వచ్చేసరికి మోకాళ్లు మొరాయించేవి. అప్పుడు వెనక నుంచి గంట మోగేది. ఏడో నంబరు ట్రామ్ వచ్చి పక్కనే ఆగేది. ఆ వీధిలో పట్టాలు లేవు, ఏనాడూ లేవు. వాకిట్లో కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలుచుకునే పొరుగావిడ కుర్చీని కాస్త వెనక్కి జరుపుకుని, "ఇవాళ కాస్త ఆలస్యమైనట్టుందే," అని మళ్లీ బఠాణీల్లో పడిపోయేది.

ఓసియెక్ ఊళ్లో ఆ ట్రామ్‌ను యాగోద ఇరవై ఎనిమిదేళ్లు నడిపింది. ఆవిడ రిటైరైన ఏడాదే దాన్ని కూడా షెడ్డులో పెట్టేశారు. కానీ ఆవిడ కాళ్లు అలిసినప్పుడల్లా అది బయల్దేరి వచ్చేస్తుంది. షెడ్డు కాపలావాడు లేచి తలుపు తీస్తాడు, అది వెళ్లాక మూసి కూర్చుంటాడు.

ఆవిడ మొగుడు షీమో పంచదార ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తాగా పనిచేశాడు. మంచివాడే. కాకపోతే ఎంగిలి చేత్తో కాకిని తోలడు అంటారే, ఆ బాపతు. ఆ గుణం వల్లే పంతొమ్మిదేళ్ల కింద తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్నాడు.

తల్లి పోయినప్పుడు షీమో రైలు దిగి, టాక్సీ డబ్బులు దండగని పల్లె దాకా ఏడు కిలోమీటర్లు వానలో నడిచాడు. పరాయి దేశంలోని గ్రాజ్ నుంచి వచ్చిన అన్న పావో, ఫాదర్‌ను బతిమాలి బతిమాలి గంటసేపు శవపేటికను ఆపించాడు. షీమో చేరేసరికి గోతి పూడ్చేశారు. పావో ఒక్కటే అడిగాడు. "టాక్సీ ఎంతరా?"

"ఎనభై కూనలన్నా." కూనలంటే అప్పట్లో ఆ దేశపు డబ్బు.

"అమ్మ ఆపాటి చెయ్యలేదన్నమాట," అని అట్నుంచటే రైలెక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఉత్తరం ముక్క లేదు.

ఈ వేసవిలో ఉన్నట్టుండి కార్డు వచ్చింది. "నాకు డెబ్బై ఆరు నిండాయి. సెప్టెంబరు రెండో ఆదివారం, మధ్యాహ్నం పన్నెండుకు భోజనం. ఆలస్యమైతే తలుపు తియ్యను. పావో." షీమో ఆ కార్డును జేబులోంచి తీసి రోజుకు నాలుగుసార్లు చదువుకున్నాడు.

"గ్రాజ్ దాకా ఎలాగూ పోతున్నాం. దారిలో బుడాపెస్ట్, వియన్నా కూడా చూపించు. ట్రామ్ డిపో దాటి నేను చూసిందేముంది?" అంది యాగోద. సంతోషంలో ఉన్నాడేమో, షీమో ఒప్పేసుకున్నాడు. ఆ రాత్రే గళ్ల పుస్తకం తీసి రెండు పద్దులు గీశాడు. తిండికి ఇద్దరికీ రోజుకు ముప్పై యూరోలు. ఊళ్లలో బండికి పన్నెండు.

"కాఫీ ఏదీ, కనపడదే?" అంది యాగోద.

"ఫ్లాస్కులో."

"ఒక్క ఫ్లాస్కు మూడు ఊళ్లకా?"

"పొదుపుగా తాగితే ఎందుకు రాదూ?"

మొదటిరోజుకు వేయించిన కోడి, ఉడకబెట్టిన గుడ్లు మూటగట్టారు. పుస్తకంలోకి ఎక్కనిది ఒక్కటే, కూలెన్. ఎర్ర మిరపపొడి దట్టించి, చలికాలమంతా పొగలో ఆరబెట్టిన పంది సాసేజ్. పసిబిడ్డంత ఉంది. ఇలాంటిది ఇంటికొచ్చే అందరికీ కొయ్యరు, కావలసినవాళ్లకే కోస్తారు. షీమో దాన్ని గుడ్డలో చుట్టి, ఎవరినీ తాకనివ్వకుండా చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

బుడాపెస్ట్‌లో కోట ఎక్కి దిగేసరికి యాగోద మెట్టు మీద చతికిలబడింది. వంతెన మీంచి గంట వినిపించింది. ఏడో నంబరు తాపీగా నది దాటి వచ్చింది. ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి కార్లను ఆపాడు. చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన దానికి దారిస్తూ, యాగోదకు టోపీ ఎత్తి నమస్కరించాడు.

షీమో కళ్లు మెరిశాయి. గదికి రాగానే బండి పద్దులో పన్నెండు కొట్టేసి తిండి పద్దులో కలిపేశాడు.

"అది బండి పద్దు కాదయ్యా, నా మోకాళ్ల పద్దు," అంది యాగోద. "రేపు రాకపోతే?"

"ఎందుకు రాదు, నువ్వంటే దానికి ప్రాణం."

ఇక చూడండి. జన్మంతా నోరు కట్టుకున్న మనిషి నోరు విప్పితే ఎలా ఉంటుందో ఆ మూడు రోజులూ అలా ఉంది. పుల్లటి మీగడ, చీజు పరిచిన నూనె రొట్టె ఒకటి తిని, ఇంకోటి చెప్పాడు. వియన్నాలో పళ్లెం దాటి వేలాడే మాంసం ముక్క తిని, దాని మీద చాక్లెట్ కేకు తిని, ఫ్లాస్కు కాఫీ పారబోసి బల్ల దగ్గర కూర్చుని కప్పు కాఫీ తాగాడు. యాగోద నవ్వుతూ చూసింది. ఆవిడకు కూడా బాగుంది. కాకపోతే గదికి తిరిగి వెళ్లే వేళ కాగానే, "ఆ సందు కూడా చూసొద్దామా, ఈ మెట్లు కూడా ఎక్కుదామా," అని ఆవిణ్ణి తిప్పేవాడు. ఆవిడ అలిస్తేనే కదా ట్రామ్ వచ్చేది.

ఆదివారం పదకొండుంబావుకు గ్రాజ్‌లో రైలు దిగారు. పావో ఇల్లు ఊరి చివర, కొండ వాలులో ఉంది. అక్కడికి ఆరు కిలోమీటర్లు. తమతో దిగినవాళ్లంతా టాక్సీలెక్కి వెళ్లిపోయారు. షీమో కూలెన్‌ను గుండెలకు హత్తుకుని స్టాపులో నిలబడ్డాడు. ఆ ఊరి ట్రామ్ ఒకటి ఆగి కదిలిపోయింది. ఏడో నంబరు జాడ లేదు.

"కాస్త అలిసిపోవే," అన్నాడు.

"రైల్లో సీట్లో కూర్చుని వచ్చినదాన్ని ఎలా అలిసిపోను? అయినా ఇవాళ ఆదివారం. ఏడో నంబరు ఆదివారం నడవదు. ఇన్నేళ్లలో ఒక్క ఆదివారమైనా నేను డ్యూటీకి వెళ్లడం చూశావా? ఇంట్లో ఆదివారం భోజనాలన్నీ ఎవరు వండారనుకున్నావు?"

షీమో పర్సు తెరిచాడు. నిన్నటి కేకు పోను రెండు యూరోల నలభై సెంట్లు ఉన్నాయి. యాగోద సంచిలో తిరుగు రైలు టిక్కెట్లు తప్ప ఏమీ లేవు. డబ్బు మొత్తం తన దగ్గరే పెట్టుకున్నది ఆయనే.

"నడిస్తే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. "మళ్లీ అదే చేశానే, యాగోదా. ఈసారి వాన కూడా లేదు, చెప్పుకోవడానికి."

యాగోద దెప్పలేదు. పక్కన నిలబడి ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆవిడకు నిజంగా జాలేసింది.

షీమో కూలెన్‌ను ఆవిడ చేతికిచ్చి కోటు విప్పాడు. లోపలి గుడ్డను పళ్లతో కొరికి దారం లాగాడు. మడతపెట్టిన యాభై యూరోల నోటు బయటపడింది. అది తన చావుఖర్చుకని, ఎక్కడ పోతే అక్కడ అక్కరకొస్తుందని ఎప్పుడో తనే కుట్టుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో యాగోద ఆ నోటు చూడటం అదే మొదలు. స్టాపులో ఉన్న టిక్కెట్ల మెషీన్‌లో దాన్ని పెట్టి రెండు టిక్కెట్లు కొన్నాడు. చిల్లర గలగలా రాలింది.

"నాకు డిపోవాళ్లిచ్చిన పాసుందిగా, రెండెందుకు?"

"ఉండనివ్వు."

అప్పుడు చూశాడు బోర్డు. ఆదివారం కాబట్టి తర్వాతి ట్రామ్ పన్నెండు దాటాకే. గడియారం పదకొండూ ముప్పై ఐదు చూపిస్తోంది. టాక్సీ కనుచూపు మేరలో లేదు. షీమో టిక్కెట్లను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

గంట మోగింది.

ఆదివారం పూట, ఎవరూ అలిసిపోకుండానే ఏడో నంబరు మలుపు తిరిగి వచ్చి, షీమో ఎదురుగా తలుపు తెరిచింది. యాగోద ఆయన చేతిలోని టిక్కెట్లను చూసింది. "టిక్కెట్టు కొన్న ప్రయాణికుణ్ణి స్టాపులో వదిలి పోకూడదు. మా రూలు," అంది. తలగుడ్డ బిగించి కట్టుకుని, రిటైరయ్యాక మొట్టమొదటిసారి డ్రైవరు సీట్లో కూర్చుంది.

ఆఖరి స్టాపు దాటింది. పట్టాలు అయిపోయాయి. ట్రామ్ ఆపిల్ తోటల మధ్య నుంచి వాలెక్కింది.

పావో వాల్‌నట్ చెట్టు కింద బల్ల వేసి, మూడు పళ్లేలు పెట్టి, చేతిగడియారం చూసుకుంటూ కూర్చుని ఉన్నాడు. ట్రామ్ పాలకూర మడి మీదుగా వస్తుంటే లేచి, దారికి అడ్డంగా ఉన్న నీళ్ల డబ్బా తీసి పక్కన పెట్టాడు.

"పది నిమిషాలు ముందే వచ్చావు," అన్నాడు. గొంతులో కోపమూ లేదు, ప్రేమా లేదు.

షీమో కూలెన్ అందించాడు. పావో దాన్ని చూడలేదు. తమ్ముడి రెండో చేతిలోకి చూస్తున్నాడు.

"ఏంట్రా అది?"

"టిక్కెట్లన్నా."

"కొన్నావా?"

"కొన్నాను."

పావో ఒక టిక్కెట్టు తీసుకున్నాడు. కళ్లజోడు పెట్టుకుని ధర చదివాడు. మళ్లీ చదివాడు. దాన్ని పట్టుకునే లోపలికి వెళ్లాడు. షీమో భయంగా యాగోద వైపు చూశాడు. తెరిచిన కిటికీలోంచి, గోడ మీద తల్లి ఫోటో ముందు నిలబడి, చట్రం మూలలో టిక్కెట్టు దోపుతున్న అన్న వీపు కనిపించింది.

"అమ్మా, వాడొచ్చాడు," అంటున్నాడు పావో. "టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చాడు."