ఒర్నెల్లా కోసిన ఫ్రేము

"మెడ నొప్పంటావేంటే, అది ఛాంపియన్ ఫ్రేము!" అన్నాడు గ్వాల్తియెరో, మొక్కజొన్న సంకటి, పొలెంతా, ఇంకాస్త వడ్డించమని పళ్లెం భార్య ముందుకి జరుపుతూ.

ఇటలీలో వీచెంజా చుట్టుపక్కల ఒంటి కొలతకి సైకిల్ ఫ్రేము కావాలంటే అతని దగ్గరికే రావాలి. వచ్చినవాడి చేత బూట్లు విప్పించి, గోడకి నిలబెట్టి, కాలూ తొడా భుజమూ మిల్లీమీటర్లలో కొలుస్తాడు. పళ్ల డాక్టరు ఎడమకాలు నాలుగు మిల్లీమీటర్లు పొట్టి అని డాక్టరు భార్యకి తెలీదు, గ్వాల్తియెరోకి తెలుసు. ఇరవయ్యారేళ్లుగా పక్కన పడుకునే ఒర్నెల్లా చెయ్యి ఎంత పొడుగో మాత్రం తెలీదు. పెళ్లిలో తన పాత రేసు సైకిల్ ఆమెకి బహుమతిగా ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

దానిమీద కూర్చుంటే గాలికి ఎదురు పడకుండా ముందుకి వంగి సాగాలి. ఉల్లికాడలూ అత్తగారి బీపీ మాత్రలూ తెచ్చుకునే మనిషికి గాలితో పేచీ ఏముంటుంది? ఊళ్లో తారు రోడ్డంతా ఆమెకి కంఠతా వచ్చింది. మేడల మీద ఏముందో అడిగితే చెప్పలేదు. ఇలాగే వంగితే ఏడాదిలో సైకిలే మానాల్సొస్తుందని ఎముకల డాక్టరన్నాడు. మానితే ఇక వంటిల్లూ, వెనక షెడ్డూ. కారు తాళం గ్వాల్తియెరో జేబులో ఉంటుంది.

"హేండిల్ పైకి లేపుకో."

ఎప్పుడో లేపింది. ఇంకా లేపితే ఊడి చేతికొస్తుంది.

"పోనీ, నిటారుగా కూర్చునేదొకటి కొనుక్కుంటా."

"ఫ్రేములు చేసేవాడి పెళ్లాం కొన్న సైకిలెక్కితే నేను ఊళ్లో తలెత్తుకోగలనా?"

తలెత్తుకోవడం గురించి ఆమెతోనే అన్నాడు, నవ్వకుండా.

"అయితే దీన్నే కోసి మారుస్తా."

"ముందు నన్ను కొయ్యి!"

అత్తగారు ఇర్మా తన వంతు అందుకుంది. "అటూ ఇటూ చూసే పనేముందే అమ్మాయ్? రొట్టెల కొట్టు ఎదురుగ్గానే ఉందిగా."

గ్వాల్తియెరో కొలుస్తాడు, గీస్తాడు, వచ్చినవాళ్లతో కాఫీ తాగుతాడు. వెనక షెడ్డులో ఫ్రేముకి ఉక్కు ట్యూబులు కోసి, ఇత్తడి కరిగించి అతికేది ఒర్నెల్లా. పెళ్లైన ఏడాది అతని చెయ్యి కాలితే, మానేదాకా అని మొదలుపెట్టింది. చెయ్యి నెలలో మానింది. "మా ఆవిడ కాస్త సాయం చేస్తుంటుంది" అంటాడు ఎవరైనా అడిగితే. ఎవరూ అడగరు.

ఆ వారమంతా ఆమెకి కాలు నిలవలేదు. అంట్లు తోముతూ కోణాలు డిగ్రీల్లో లెక్కేసింది, దుప్పట్లు మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు ఇంకాస్త ముందుకి వాలాలి, పై ట్యూబు ఆరు సెంటీమీటర్లు తగ్గాలి, హేండిల్ కింద ట్యూబు పొడుగవ్వాలి. కొత్త ట్యూబులు కోసి కూరగాయల బుట్టలో దాచింది. ఆ ఇంట్లో ఆ బుట్టలో ఇంకెవరూ చెయ్యి పెట్టరు.

ఆదివారం ఆరున్నరకి గ్వాల్తియెరో, కొత్త ఫ్రేము చేయించుకుంటున్న స్నేహితుడు సెవెరీనోతో కలిసి సైకిళ్ల మీద కొండెక్కడానికి వెళ్లాడు. అత్తగారు చర్చికెళ్లింది. ఒర్నెల్లా చెప్పులు విప్పి, గోడకి ఆనుకుని, తన చెయ్యి తనే మరోసారి కొలుచుకుంది. తర్వాత ఛాంపియన్‌ని రంపంతో కోసింది. అనుకున్నంత చప్పుడు కూడా రాలేదు.

ఒంటిగంటకి వాళ్లు తిరిగొచ్చేసరికి సైకిల్ రంగు లేకుండా షెడ్డు ముందు నిలబడి ఉంది. సెవెరీనో మోకాళ్లమీద కూర్చుని బొటనవేలితో తడిమాడు.

"అబ్బ! అతుకెక్కడో తెలీడం లేదురా. ఎంతైనా నీ చెయ్యే చెయ్యి!"

పొద్దుట్నుంచీ అతని పక్కనే కొండ తొక్కుతున్న గ్వాల్తియెరో గ్లవుజులు తీస్తూ, "ఏదో, అలవాటైపోయింది" అన్నాడు.

సెవెరీనో తలూపాడు. అతనికీ అందులో తేడా ఏమీ కనపడలేదు.

కోసినందుకు తిడతాడనుకుంది ఒర్నెల్లా. దానికి జవాబు సిద్ధం చేసుకుంది కూడా. ఆ అతుకులు తనే వేశానని అతను ఒప్పేసుకుంటాడనుకోలేదు. ఏప్రన్ విప్పి వాకిట్లో పడేసి సైకిలెక్కింది. వెన్ను నిటారుగా నిలబడింది.

"ఎక్కడికే? భోజనం?"

"సెవెరీనో, రేపు నీ ఫ్రేముకి ఈయనే అతుకులేస్తాడు" అంది, పెడలు మీద కాలు పెడుతూ. "మీ సైకిల్ జట్టు మొత్తాన్నీ వెంటబెట్టుకురా, దగ్గరుండి చూడండి. నేను మాత్రం షెడ్డులోకి రాను."