అత్తయ్యగారి ప్రార్థన పుస్తకాలు

"స్టెల్లా, నువ్వెలాగూ తెలుగు టీచరువే కదా, అమ్మ పుస్తకాల్లోంచి నాలుగు మంచి మాటలు ఏరిపెట్టు," అన్నారు మా ఆయన కరుణాకర్, చెప్పులు తొడుక్కుంటూ. కందిపప్పులో రాళ్ళు ఏరమన్నట్టే అన్నారు. పొయ్యి మీద చారు పొంగుతోంది. బల్ల మీద తొమ్మిదో తరగతి హాఫ్ ఇయర్లీ పేపర్లు నలభై ఆరు దిద్దకుండా ఉన్నాయి. క్రిస్మస్ సెలవులు కాబట్టి నాకు పనేమీ ఉండదని మా ఇంట్లో అందరి నమ్మకం. సరేనండీ అన్నాను. పద్నాలుగేళ్ళ కాపరంలో నా నోట్లో బాగా నలిగిన మాట అది.

ఆయన అమ్మ అంటే జీవరత్నం టీచర్. నిరుడు, రెండువేల నాలుగు జనవరిలో పోయారు. రాజోలు చుట్టుపక్కల ఆవిడని ఇప్పటికీ చిట్టిపీత టీచరమ్మ అంటారు. లంకలో కాలవగట్టున బొరియలో ఉండే ఓ బుల్లి పీత, పడవ మోటారు చప్పుడుకి హడలిపోతూ, అయినా కనపడ్డ ప్రతివాళ్ళనీ ఎందుకూ ఎందుకూ అని అడుగుతూ తిరిగే కథలు ఆవిడవి. పిల్లల పత్రికల్లో ఏళ్ళ తరబడి వచ్చాయి. కొత్తపేటలో మా నాన్న పనిచేసే బడి లైబ్రరీలో నేను వాటిని తొమ్మిదేళ్ళప్పుడు చదివాను, అట్టలు ఊడిపోయేదాకా చదివాను. సంబంధం వచ్చినప్పుడు పెళ్ళికొడుకు ఫొటో సరిగ్గా చూడనైనా లేదు. ఆవిడ కొడుకేనా అని రెండుసార్లు అడిగాను. ఈ పెళ్ళి నేను అత్తగారిని చూసి చేసుకున్నానని నవ్వుతాలుకి అంటుంటాను గాని, అందులో నవ్వుతాలు తక్కువే.

ఆవిడ పోయాక ట్రంకు పెట్టెలో డైరీలు దొరికాయి, ఇన్సూరెన్సు వాళ్ళు ఏటా పంచేవి. అవి ప్రార్థన పుస్తకాలని మా అందరికీ తెలుసు, అంటే తెలుసనుకున్నాం. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అలాంటివి రాసుకుంటారు. ఎవరి పిల్లాడికి పరీక్షలున్నాయో, ఎవరి అల్లుడు కువైట్‌లో ఇబ్బంది పడుతున్నాడో తేదీ వేసి రాసుకుని, ఆ మనవి ఫలించాక పక్కన టిక్కు పెట్టుకుంటారు. ఒకరి ప్రార్థన పుస్తకం ఇంకొకరు తెరవరు. అది ఆ మనిషికీ దేవుడికీ మధ్య సంగతి. అత్తయ్యగారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, బైబిలూ డైరీ ముందు పెట్టుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చునేవారు. నాయనమ్మ ప్రార్థనలో ఉంది, గొడవ చెయ్యకండని మా ఆయన పిల్లలకి నేర్పారు. అందుకే ఆవిడ పోయి పదకొండు నెలలైనా ఆ పెట్టె జోలికి ఎవరం వెళ్ళలేదు. సంవత్సరం తిరిగొచ్చే జ్ఞాపకార్థ కూడికకి అమ్మగారి ప్రార్థనలు చిన్న పుస్తకంగా వేసి పంచితే బావుంటుందని పాస్టరు ఇశ్రాయేలు గారే అన్నారు. కొడుకు ఒప్పుకున్నారు. పని నాకొచ్చింది.

ఆ పుస్తకానికి మొదటి పేజీ అప్పటికే సిద్ధంగా ఉంది. ఆవిడ పోయిన పదకొండో రోజు ఆదరణ కూడికలో నేను సాక్ష్యం చెప్పాను. "ఊళ్ళో పిల్లలందరికీ కథలు రాసిన మా అత్తయ్యగారు, మనవలు పుట్టగానే కలం పక్కన పెట్టేశారు. మా పిల్లలే ఆవిడ కథలయ్యారు," అన్నాను. ఆడవాళ్ళంతా కళ్ళొత్తుకున్నారు. తర్వాతి ఆదివారం ప్రసంగంలో పాస్టరు గారు ఆ మాటనే మళ్ళీ చెప్పారు. నాకూ ఆ మాట చాలా నచ్చింది. అద్దంలో చూసుకున్నట్టు రెండు మూడుసార్లు లోపల అనుకున్నాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం వెనకవరండాలో మంచం వేసుకుని తొంభైరెండు డైరీ తెరిచాను. అందులో ప్రార్థనలు లేవు.

"జులై 6. స్టెల్లాకి మామిడికుదురు హైస్కూల్లో పోస్టింగు వచ్చింది. నిజంగా సంతోషం. పిల్ల ఇక నా దగ్గరే."

"జులై 20. చిట్టిపీతని గోదారి దాటించాలి. ఈసారి పెద్ద పుస్తకం. రోజుకి రెండు గంటలు దొరికితే చాలు."

"ఆగస్టు 3. రాసుకుంటున్నానంటే పిలుస్తున్నారు. ఇవాళ ప్రార్థన అని చెప్పాను. ఎవరూ పిలవలేదు. ప్రభువు క్షమించాలి."

"ఆగస్టు 4. స్టెల్లా మాత్రం ప్రార్థన అన్నా పిలుస్తుంది."

డైరీ మూసేశాను. చెవులు వేడెక్కాయి. ముందొచ్చింది సిగ్గు కాదు, కోపం. పిలిచాను, పిలవక ఏం చేస్తాను? ఏడున్నర బస్సు తప్పితే హెడ్‌మాస్టరు రిజిస్టరు ముందు పెట్టుకుని, ఆడ టీచర్లకి ఇల్లే బడి, బడే సెలవు అని స్టాఫ్ రూమందరికీ వినపడేలా అనేవాడు. మా షారోను అప్పటికి ఏడాది పిల్ల. మూడో పీరియడ్‌కల్లా పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతే పైట రెండు పొరలు కప్పుకుని సంధులు చెప్పిన దాన్ని. అదెవరు రాశారు ఏ డైరీలో? పైగా ఆవిడ నా పేరు రాసింది గాని కొడుకు పేరు రాయలేదు. కొడుకు గురించి వెతికాను, పేజీలు తిప్పి తిప్పి వెతికాను. అబ్బాయికి వంకాయ కొబ్బరికారం చేశాను, తిన్నాడు. అబ్బాయి ఒంటిగంటకి వచ్చాడు, పడుకున్నాడు. అంతే. ఆయన జూనియర్ కాలేజీలో లెక్చరరు, అప్పట్లో పొద్దుటిపూటే క్లాసులు.

తొంభైనాలుగు డైరీలో నా కోపం ఆగిపోయింది.

"ఫిబ్రవరి 11. హైదరాబాదు నుంచి ఉత్తరం. పీత గోదారి దాటే పుస్తకం అచ్చువేస్తారట. జూన్ లోగా పంపాలి. స్టెల్లాని అడిగాను."

ఆ కింద పేజీ అంతా ఖాళీ. ఏమన్నానో ఆవిడ రాయలేదు. రాయక్కర్లేదు, నాకు గుర్తుంది. నేను క్యారేజీ గిన్నెలు సర్దుతున్నాను. మా రెండోవాడు హర్ష చంకలో ఏడుస్తున్నాడు, ఆర్నెల్ల వాడు. ఆవిడ ఓ ఉత్తరం చేత్తో పట్టుకుని చాలాసేపు గుమ్మం దగ్గర నిలబడి, "స్టెల్లా, పుస్తకం అయ్యేదాకా ఓ నాలుగు నెలలు మధ్యాహ్నాలు సూరమ్మని ఉండమందామా? పిల్లలకి దాని దగ్గర అలవాటే," అన్నారు. సూరమ్మ మా ఇంట్లో గిన్నెలు తోమే మనిషి. నేను తలెత్తకుండానే, "మీరుండగా పరాయి మనిషెందుకండీ అత్తయ్యగారూ? మీ దగ్గర ఉన్నారన్న ధైర్యంతోనే కదా నేనక్కడ పాఠం చెప్తున్నాను," అన్నాను. గౌరవంగా అన్నాననే అనుకున్నాను. పేపరు వెనకనించి మా ఆయన, "ఈ వయసులో అమ్మకి నవలలేంటి, హాయిగా మనవల్ని ఆడించుకోక," అన్నారు. నేను నవ్వాను. ఎందుకని ఆవిడని అడగొచ్చు, ఉత్తరం చూపించమనొచ్చు, ఏ పుస్తకమండీ అనైనా అనొచ్చు. ఆ కథల అట్టలు ఊడిపోయేదాకా చదివిన పిల్లనే నేను, ఆ ఇంటికి ఆ కథల కోసమే వచ్చినదాన్ని, నవ్వి బస్సుకి పరిగెత్తాను. ఆవిడ సరేలేమ్మా అని హర్షని నా చంకలోంచి తీసుకున్నారు.

ఆ నవ్వు గుర్తొచ్చి మంచం మీద కూర్చోలేకపోయాను. లేచి పెరట్లోకి వెళ్ళి ఊరికే బట్టలు మడతపెట్టాను, ఇంకా ఆరనివి కూడా. ఆవిడకి సూరమ్మ తట్టింది. నాకు ఆవిడ తట్టింది. నడిమి గదిలో ఒంటిగంట నించి నాలుగింటి దాకా నిద్రపోయే మనిషి, ఆ పిల్లల తండ్రి, మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పైగా ఆయన లేస్తారని పిల్లల్ని అరవనిచ్చేవాళ్ళం కాదు ఇద్దరం. నాకు చాకిరీ ఎక్కువైందని ఊళ్ళో అందరితోనూ చెప్పుకున్నాను గాని, దాంట్లో సగం ఎత్తి అరవై దాటినావిడ నెత్తిన పెట్టి, దానికి త్యాగమని పేరు కూడా నేనే పెట్టాను.

తర్వాతి రెండేళ్ళూ డైరీల్లో చాలా పేజీల్లో ఒకటే వాక్యం. పీత ఒడ్డునే ఉంది. తొంభైఏడు నుంచి అదీ లేదు, పాలు, మందులు, పిల్లల జ్వరాలు. రెండువేల ఒకటిలో ఒక్కచోట ఇలా ఉంది: "నాయనమ్మా, ఇప్పుడు కథలు రాయవెందుకని షారోను అడిగింది. మీరే నాయనమ్మ కథలని స్టెల్లా చెప్పింది. నేను నవ్వాను."

సాయంత్రం మా ఆయనకి చూపించాను. నిలబడే చదివారు, అయిదు నిమిషాలు. "ఇవేం వెయ్యకు. అమ్మేదో విసుగులో రాసుకుంది. చూసుకో, ఇందులో ఉన్నది నీ పేరే గాని నాది కాదు. పోయేది నీ పరువే," అన్నారు. బెదిరించలేదు, నా మంచికే చెప్పారు. నేనూ మూడు రోజులు అదే నిజమనుకున్నాను. మంచి మాటలు ఏరాను. పిల్లల మీద, వానల మీద, కాలవ మీద ఆవిడ రాసుకున్న చక్కటి వాక్యాలు పన్నెండు దొరికాయి. పదమూడోది "స్టెల్లాకి పోస్టింగు వచ్చింది, నిజంగా సంతోషం" అన్నది. దాని తర్వాత 'పిల్ల ఇక నా దగ్గరే' అన్న మాట వదిలేసి, అక్కడికి ముగించి రాశాను. పిల్లలు చూచిరాస్తే పేపరు చింపేసే టీచర్ని, ఆ పని తడుముకోకుండా చేశాను. అమలాపురం ప్రెస్సు నుంచి పుస్తకాలు వచ్చాయి. మొదటి పేజీలో ఆవిడ ఫొటో, కింద నా మాట, దాని కింద నా పేరు. మా ఆయన బావుందన్నారు. నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు.

కూడిక నాడు ఇంటి ముందు షామియానా వేశారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఎక్కడెక్కడి నించో వచ్చారు, తలలు నెరిసినవాళ్ళు కూడా, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని మొదటి పేజీ చదువుకుంటున్నారు. పాటయ్యాక ఇశ్రాయేలు గారు నా వైపు తిరిగి, "స్టెల్లమ్మగారూ, నిరుడు చెప్పేరు కదా, ఆ మాటే మళ్ళీ ఓసారి చెప్పండమ్మా. అందరూ అదే అడుగుతున్నారు," అన్నారు. ఆయ్ అన్నాను. తొంభైరెండు, తొంభైనాలుగు డైరీలు రెండూ చేతిలో పట్టుకునే లేచాను. జనానికి ఆవిడ దస్తూరీ చూపిద్దామని తెచ్చానని నాకు నేనే చెప్పుకున్నాను. ముందు వరసలో షారోనూ హర్షా నా మొహంలోకే చూస్తున్నారు. ఇంత సిగ్గు నా జన్మలో ఎరగను. పెళ్ళిచూపుల్లో కూడా ఇంతమంది ఇలా చూడలేదు.

"అత్తయ్యగారు మా పిల్లల కోసం కలం పక్కన పెట్టేశారని నిరుడు ఇక్కడే నిలబడి చెప్పానండి," అన్నాను. "అది అబద్ధం. ఆవిడ పెట్టలేదు. మేం లాక్కున్నాం. పిల్లలు కాదండి, వాళ్ళకేం తెలుసు? ముందు చెయ్యి నాది. ఆవిడ నాలుగు నెలలు అడిగారు, నేను నవ్వేసి బస్సెక్కాను."

ఇశ్రాయేలు గారు బైబిలు మూసి, మళ్ళీ తెరిచారు. మా ఆయన గబగబా వచ్చి నా భుజం మీదుగా మైకు వైపు వంగి, "మా ఆవిడ బాగా కదిలిపోయిందండి, అత్తగారంటే ప్రాణం తనకి, ఏమనుకోకండి," అన్నారు. నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ చేతిని మెల్లిగా విడిపించుకున్నాను. సిగ్గు రవంతైనా తగ్గలేదు, దానితోనే డైరీ తెరిచాను.

"నాకు బాగానే ఉందండి. మీరు కూర్చోండి," అన్నాను మైకులోనే. "ముందు నా పేరున్న పేజీలు చదువుతాను. తర్వాత మీ పేరు లేనివి."