గొట్టం పలకని మాట

పొద్దున్నే దుకాణం తెరవగానే వెంకటన్న చేసే మొదటి పని మైకు గొట్టాన్ని తడిగుడ్డతో తుడవడం. ఉప్పునుంతల పోయే రోడ్డు మీద, బస్సు ఆగే చోట, ఆయనకూ మౌలాలికీ కలిపి ఒక టెంటు సామాను దుకాణముంది. కుర్చీలూ వంటగిన్నెలూ షామియానాలూ ఎక్కడైనా దొరుకుతాయి గానీ, ఆ గొట్టం లాంటిది చుట్టుపక్కల మరొకటి లేదు. అది అబద్ధం పలకదు. మైకు ముందు మనిషి ఎంత గొంతు చించుకున్నా సరే, తెలిసి తెలిసి చెప్పిన అబద్ధం ఆ గొట్టంలోంచి బయటికి రాదు.

ఊళ్లో ఎవరికీ అదొక వింత కాదు. కొన్ని బర్రెలు తన్నుతాయి, కొన్ని తన్నవు, ఇదీ అంతే అనుకున్నారు. ఈదమ్మ జాతర పాటలనీ, మసీదులో అజాన్‌నీ, చర్చిలో కీర్తనలనీ అది అక్షరం పోకుండా పంపేది. పార్టీ మీటింగంటేనే దానికి గొంతు పట్టేసేది. ఒకసారి ఓ నాయకుడు పొద్దుగూకేదాకా మాట్లాడితే జనానికి వినిపించింది "నమస్కారం", "మస్తు ఉక్కపోస్తుంది", "జర నీళ్లియ్యుండ్రి" అన్న ముక్కలే. అప్పట్నుంచి నాయకులు వనపర్తి నుంచి డబ్బా స్పీకర్లు తెప్పించుకుంటున్నారు.

ఆ పొద్దు వెంకటన్న గొట్టాన్ని తుడిచిందే తుడుస్తున్నాడు. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే కూర్చోబుద్ధి. పక్కన మౌలాలి లేడు. మొన్నటి నుంచి ఠాణాలో ఉన్నాడు.

అసలు జరిగింది చాలా చిన్న విషయం. ఈదమ్మ గుడి దగ్గర బోనాలు అయిపోయాక సామాను సర్దుతూ వెంకటన్న ఒక సంచి మౌలాలి చేతికిచ్చి, "గుడి ఎన్క పెట్టు, పోయేటప్పుడు నేను తీస్కపోత" అన్నాడు. మౌలాలి పెట్టాడు. వెంకటన్న మరిచిపోయాడు. సంచిలో ఉన్నవి పాత బ్యాటరీ, వైర్ల చుట్టలు, ఎర్రలైటు మిణుకుమిణుకుమనే చార్జరు. ఆ వారమే ఎక్కడో పెద్ద పట్నంలో బాంబు పేలి జనం చచ్చిపోయారు. టీవీల్లో పొద్దూమాపూ అవే బొమ్మలు. తెల్లారి గుడి ఊడవడానికి వచ్చిన రాధమ్మ ఆ ఎర్రలైటు చూసి చీపురు పారేసి ఉరికింది. బాంబుల పోలీసులు వచ్చి, ఎవర్నీ దగ్గరికి రానీయక, సంచిని ఊరవతల బీడు భూమిలోకి తీసుకుపోయి పేల్చేశారు. ఢామ్మని చప్పుడైంది. పేలిందంటే బాంబే కదా అని ఊరంతా తేల్చేసుకుంది. ఇక పెట్టిందెవరంటే, మౌలాలి పెట్టగా చూసినవాళ్లు బోలెడుమంది.

రేపు అతణ్ణి హైదరాబాదు తీసుకుపోతారట. ఉగ్రవాదం కేసు మీద అక్కడికి పోయినవాడు ఎన్నేళ్లకు తిరిగొస్తాడో చెప్పగలిగేవాళ్లు లేరు.

మౌలాలి భార్య హుసేన్‌బీ వచ్చి దుకాణం మెట్టు కింద నిలబడింది.

"అన్నా, ఆ సంచి నీదని ఒక్క మాట చెప్పు. ఆయనెప్పుడన్న నీ మాట తీసేసిండా?"

"చెప్తనమ్మా. ఇయ్యాల తప్పకుంట చెప్త."

నిన్న కూడా ఇదే అన్నాడు. అంగీ మార్చుకుని ఠాణా దాకా పోయాడు కూడా. గేటు లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. ఎదుటి హోటల్లో చాయ్ తాగి తిరిగొచ్చాడు. ఇంట్లో భార్య స్వరూప కూడా ఒక దారిన పడనివ్వలేదు. "చెప్తె నిన్ను లోపలేస్తరు. చెప్పకుంటె ఆ హుసేన్‌బీ మొకం జూడలేకపోతున్న. ఏం జేద్దామంటవ్?" అని తనే ఏడ్చింది.

మధ్యాహ్నం దుకాణం ముందు జీపు ఆగింది. జెడ్పీటీసీకి నిలబడ్డ భానుప్రకాశ్ దిగాడు.

"వెంకటన్నా, పొద్దుగూకాల సెంటర్ల మీటింగు. నీ గొట్టమే కట్టాలె."

"డబ్బాలు తెప్పిస్తలేవా, పటేలా?"

"డబ్బాల మాట ఎవడు నమ్ముతుండు? నీ గొట్టం పల్కితె దేవుడు పల్కినట్టే." భానుప్రకాశ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వు గుడ ఒక ముక్క చెప్పాలె. అబద్ధం చెప్పుమంటలేను. సంచి మౌలాలి తెచ్చిపెట్టిండు, గంతే. నిజమే గద?"

"నిజమే గని..."

"సంచి ఎవరిదో నేనడుగ, నువ్వు చెప్పకు. ఠాణాల ఇంకొకనికి గుడ జాగ ఉన్నది."

సాయంత్రానికి సెంటర్ నిండిపోయింది. వెంకటన్న యాంప్లిఫయర్ పక్కన కూర్చున్నాడు. గొట్టం తనను గట్టెక్కిస్తుందని లోపల ఎక్కడో ఆశ. ఎప్పటిలా ఈ నాయకుడి గొంతూ మింగేస్తుందిలే అనుకున్నాడు.

"గుడి ఎన్క సంచి దొర్కింది," అన్నాడు భానుప్రకాశ్. గొట్టం పలికింది. "అండ్ల బ్యాటరీ ఉన్నది, వైర్లున్నయి." పలికింది. "పెట్టింది మౌలాలి. మౌలాలిది ఏ మతమో మీకు ఎర్కనే. పోయినవారం పట్నంల బాంబుకు ఎంతమంది సచ్చిన్రో గుడ మీకు ఎర్కనే."

ఒక్క మాట కూడా ఆగలేదు. వెతికినా అందులో అబద్ధం లేదు. నిజాలనే ఏరి ఏరి ఉరితాడు పేనుతున్నాడు. వెంకటన్నకు గొట్టం మీద ఒళ్లు మండిపోయింది. వైరు కదిలించి చూశాడు, మీట తిప్పి చూశాడు. పడుచువాళ్లు కొందరు అప్పటికే మసీదు గల్లీ వైపు చూస్తూ అంగీల చేతులు పైకి మడుచుకుంటున్నారు.

భానుప్రకాశ్ పిలిచి మైకు చేతిలో పెట్టాడు.

"ఆ సంచి గుడికాడ పెట్టింది మౌలాలే," అన్నాడు వెంకటన్న. గొట్టం ఖంగుమని ఊరంతటికీ చెప్పింది. జనం ఒక్కసారిగా లేచారు.

"అన్నా!" ఆడవాళ్ల వైపు నుంచి హుసేన్‌బీ అరిచింది. "పెట్టింది ఆయనే. సంచి ఎవరిది?"

భానుప్రకాశ్ మైకు లాక్కోబోయాడు. ఈదమ్మ గుడి పూజారి కురుమయ్య కర్ర అడ్డం పెట్టాడు. "ఆగు బిడ్డా. ఆడిబిడ్డ అడిగింది. చెప్పనియ్యి."

వెంకటన్న ఠాణా గేటు తలుచుకున్నాడు. మైకు నోటికి ఆనించుకున్నాడు.

"నాకు తెల్వదు."

గొట్టం పలకలేదు.

మళ్లీ అన్నాడు. గట్టిగా అన్నాడు. మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. ఆయన పెదాలు కదలడం అందరికీ కనిపించింది. గొట్టంలోంచి మాత్రం గాలి కూడా రాలేదు. చేతులు మడుచుకున్న పడుచువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కురుమయ్య మెల్లగా లేచి, "పాండ్రి ఠాణాకు," అన్నాడు. జనం వెంకటన్నను ముందు పెట్టుకుని నడిచారు. భానుప్రకాశ్ స్టేజీ మీద ఒక్కడే మిగిలాడు.

ఠాణాలో వెంకటన్న సంచి తనదేనని చెప్పాడు. పోలీసులు నానా తిట్లూ తిట్టి, సంతకం తీసుకుని పంపేశారు. ఆయన అంతగా భయపడింది ఇంతకే.

మౌలాలి మర్నాడు పొద్దున దుకాణానికి వచ్చాడు. పెదవి పగిలి ఉంది, కుడికాలు ఈడుస్తున్నాడు. వెంకటన్న గబగబా కుర్చీ తుడిచాడు. చాయ్ చెప్పాడు. ఎక్కడ చూడాలో తోచక వైర్లు చుట్టిందే చుట్టాడు.

"మౌలాలీ, నీ మీదొట్టు. ఆమె అడుగకున్నా తెల్లారి నేనే వోయి చెప్తుంటి."

మౌలాలి కుర్చీలో కూర్చోలేదు. బ్యాటరీకి వైర్లు తగిలించాడు. మీట నొక్కాడు. గుయ్యిమని గొట్టానికి ప్రాణమొచ్చింది. రోడ్డవతల బస్సు కోసం నిలబడ్డవాళ్లు తలలు తిప్పారు.

మైకు తెచ్చి వెంకటన్న నోటి ముందు పట్టుకున్నాడు.

"గా మాట గీంట్ల చెప్పు."

వెంకటన్న నోరు తెరవలేదు.