వసపిట్ట కుడిచెవి

లారీ ఆఫీసులో అందరూ ఆమెని వసపిట్ట అనేవాళ్లు. ఏ సరుకు ఎక్కడికి వెళ్లాలో, ఏ డ్రైవరు ఎక్కడ ఖాళీగా ఉన్నాడో ఫోన్లోనే కనుక్కుని లారీలు కుదర్చడం ఆమె పని. సెల్లుని కుడిచెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండు చేతులతో రసీదులు చింపుతూ పొద్దస్తమానం మాట్లాడేది.

మొదట ఆ చెవిలో ఈల వేసినట్టు హోరు. తర్వాత మాటలు వినబడేవి గానీ అర్థమయ్యేవి కావు. లైను బాగాలేదనుకుని ఫోన్ మార్చింది. కొత్తదాంట్లోనూ అదే గొడవ. ఒకరోజు మెట్లు దిగుతూ ఉన్నట్టుండి పక్కకి తూలి గోడ పట్టుకుంది. అప్పుడు వెళ్లింది ఆసుపత్రికి.

స్కానింగులో బయటపడింది. చెవి నుంచి మెదడుకి వెళ్లే నరం మీద గడ్డ. క్యాన్సరు కాదు గానీ, పెరిగి మెదడుని ఒత్తుతోంది.

"నేను మొత్తుకుంటూనే ఉన్నా, ఆ మాయదారి ఫోను కొంప ముంచుతుందని!" అత్తగారు వరండాలోనే అందుకుంది. వెల్డింగు పని చేసే మొగుడు స్కానింగు కాగితాలు తిప్పి తిప్పి చూశాడు.

ఆమె డాక్టరమ్మనే సూటిగా అడిగింది. "ఫోన్ వల్లే వచ్చిందాండీ?"

"తెలీదమ్మా. ఫోన్ రేడియేషన్‌కీ ఇలాంటి గడ్డలకీ సంబంధం ఉందేమోనని చాలామంది పరిశోధించారు. కొందరికి అనుమానం కలిగింది, ఎక్కువమందికి సంబంధమే కనబడలేదు. ఫోన్ ముట్టనివాళ్లకీ వస్తాయివి. నీకు ఇందువల్లే వచ్చిందంటే అబద్ధం చెప్పినట్టే."

"మరి తీసేస్తే?"

"ఆ చెవి వినబడదు. మొహాన్ని కదిలించే నరం పక్కనే ఉంది. మూతి వంకర పోవచ్చు, మాట ముద్దగా రావచ్చు. అది ఎన్నాళ్లంటే చెప్పలేను."

దారిలో మొగుడు అన్నాడు, "ఇంకో డాక్టరుకి చూపిద్దామా?"

"చూపిద్దాం. ఆయనా ఇదే అంటే మాత్రం ఇక వాయిదా లేదు."

ఆయనా అదే అన్నాడు. ఆమె ఆపరేషనుకి ఒప్పుకుంది.

గడ్డ మొత్తం వచ్చేసింది. కుడిచెవి పోయింది. మూతి ఎడమకి లాగేసింది. నీళ్లు తాగితే పక్క నుంచి కారిపోయేవి. 'ప' అనబోతే గాలి తప్ప అక్షరం వచ్చేది కాదు. మొదటిసారి అద్దంలో చూసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, మళ్లీ అద్దం ముందే కూర్చుంది. ఆసుపత్రిలో నేర్పినట్టు పెదవిని వేళ్లతో పట్టుకుని ప, ఫ, బ, భ, మ అని మొదలుపెట్టింది.

కొన్నాళ్లు చూసి అత్తగారు వచ్చి ఎదురుగా చతికిలబడింది. "ఆ అద్దం నీకు జవాబు చెబుతుందటే? ఇటు తిరుగు. ఫ!"

పళ్లు లేని నోటి నుంచి తుంపర వచ్చి మొహాన పడింది.

"అత్తయ్యా, మీది నాకంటే అన్యాయంగా ఉంది."

"అయితే నువ్వే గెలువు. కానీ!"

పొద్దున్నే ఒకరి మొహాన ఒకరు తుంపర్లు కొట్టుకోవడం ఆ ఇంట్లో మామూలైపోయింది. మూతి కొద్దికొద్దిగా కుదురుకుంది.

ఆఫీసుకి వెళ్తే ఓనరు మొహమాటపడ్డాడు. "ఇంకా ఫోన్ల జోలికెందుకమ్మా? గోడౌనులో కూర్చో."

"నా పని నాకివ్వండి. నా వల్ల లారీ ఆగితే అప్పుడు చెబుదురుగాని."

సెల్లుని బల్ల మీద దూరంగా పెట్టి, ఎడమచెవికి ఇయర్‌ఫోను తీగ తగిలించుకుంది. మిగతావాళ్లనీ అలాగే చెయ్యమంది.

"అంటే ఫోన్ వల్లే వచ్చిందంటావా?" అన్నాడు ఓనరు.

"ఏమో, నాకేం తెలుసు! తెలిసేదాకా నెత్తికి ఆనించుకునే కూర్చోవాలా? తీగ పెట్టుకుంటే మన సొమ్మేం పోయింది?"

మొదటి ఫోన్ ఎత్తిన డ్రైవరు విసుక్కున్నాడు. "ఎవరు నువ్వు? తాగి మాట్లాడుతున్నావా?"

ఓనరు చెయ్యి చాచాడు, ఫోన్ ఇమ్మన్నట్టు. ఆమె ఇవ్వలేదు. పెదవి తుడుచుకుని, మాట మాట విడదీసి చెప్పింది. "తాగలేదు బాబూ. ఆపరేషనైంది. సిమెంటు లోడుంది. వస్తావా?"

అటువైపు రేడియో కట్టేసిన చప్పుడైంది.

"వసపిట్టక్కా? నువ్వా! ఇదిగో, వస్తున్నా."

"త్వరగా రా," అని, ఆమె ఇంకో నంబరు నొక్కింది.